పెద్దాయన నడుముకి నెంబరెంత?

అందరికీ నమస్తే. మా కనిగిరి వైపు ఊళ్లలో తరచూ వినపడే మాట, "సదరంలో ఎంత పడింది?" సదరం అంటే వైకల్యం ఎంతుందో కొలిచే సర్కారు పరీక్ష. అందులో వైకల్యం 40 శాతమని డాక్టరు రాస్తే నెలకు 6,000 పింఛను. తగ్గితే ఇంటిదారి. నెంబరు పెద్దదైతేనే సంతోషం మరి! ఇవాళ్టి మాట ఇంకో నెంబరు గురించి, జబ్బుల వల్ల పోయే ఏళ్లని లెక్కగట్టే 'డాలీ' గురించి.

1937లోనే షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని వైద్య పత్రికలో రాశారు. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరువే. ప్రకాశం జిల్లా 1970లో కదా వచ్చింది. ఫ్లోరిన్ నీళ్లు తాగి తాగి పళ్లు గారపడతాయి, మెడ తిరగదు, నడుం వంగిపోతుంది. కానీ అది మనిషిని తొందరగా చంపదు. చావుల రిజిస్టరులో వెతికితే దాని పేరే దొరకదు.

ఈ లోటు పూడ్చే కొలతే డాలీ. 1993లో ప్రపంచ బ్యాంకు నివేదికతో అందరి నోళ్లలో పడింది. తొందరగా పోతే నష్టపోయిన ఏళ్లకి, జబ్బుతో బతికిన ఏళ్లలో కొంత వాటా కలుపుతారు. ఆ వాటాయే 'వెయిట్'. పూర్తి ఆరోగ్యానికి 0, చావుకి 1. వెయిట్ 0.2 ఉన్న జబ్బుతో 20 ఏళ్లు బతికితే 4 ఏళ్లు పోయినట్టు లెక్క.

ఎవరు వేస్తారు ఈ వెయిట్? మొదట్లో వైద్య నిపుణులు వేశారు. చూపు లేకపోవడానికి 0.6 అన్నారు. ప్రపంచంలో జబ్బుల భారాన్ని లెక్కగట్టిన 2010 అధ్యయనానికి బంగ్లాదేశ్, పెరూ, టాంజానియా లాంటి చోట్ల మామూలు జనాన్ని అడిగారు, అడిగే పద్ధతీ మార్చారు. దాంతో చూపు లేకపోవడానికి వెయిట్ 0.2 దగ్గరికి దిగింది. ఈలోగా చూపు లేనివాళ్లకి చూపేమీ రాలేదండీ! మొదటి లెక్కలో వయసుకీ తూకం ఉండేది. పాతికేళ్ల కుర్రాడి ఏడాది ముందు పసిబిడ్డ ఏడాదీ, అవ్వ ఏడాదీ తక్కువే. 2010లో అది తీసేశారు, మంచిపని చేశారు.

నా గొడవ వేరే. మంచినీళ్ల పథకానికి డబ్బు అడగాలంటే వంగిన నడుముకి వెయిట్ పెద్దగా ఉండాలి. అదే మనిషికి రేపు గుండెజబ్బు వచ్చింది, ఆపరేషను ఒకరికే చేయగలం అనుకోండి. ఎవరిని బతికిస్తే ఆరోగ్యంగా గడిచే ఏళ్లు ఎక్కువ మిగులుతాయని ఇదే లెక్క తీస్తే? వెయిట్ 0.2 ఉన్నవాడికి మిగిలే ఏడాది 0.8 ఏడాదే. నడుం నిటారుగా ఉన్నవాడు ముందుకెళ్తాడు. ఊరి నీళ్లు ఒకసారి దెబ్బతీశాయి, లెక్క రెండోసారి తీస్తుంది.

"మేం కొలిచేది ఆరోగ్య నష్టాన్ని, మనిషి విలువని కాదు" అంటారు డాలీని సమర్థించేవాళ్లు. నిజమే. అందుకే నీళ్లెక్కడ ఇవ్వాలో తేల్చడానికి డాలీ కావాలంటాను, ఎవరి ప్రాణం నిలపాలో తేల్చడానికి వద్దంటాను.

ఇదంతా మా వీధి పెద్దాయనకి చెప్పాను. ఆయనా నడుం వంగినాయనే. అంతా విని ఒక్కటే అడిగాడు: "సదరంలో నాకు 35 వేశారబ్బయా. వీళ్లన్నా ఎక్కువేస్తారా?"