గెస్సో బాగుంది, గొడవంతా మూతతోనే

నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ లీటరు గెస్సో డబ్బా, అంటే బొమ్మ వేసే ముందు కాన్వాసు బట్టకు పూసే తెల్ల పూత, నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్లు ఉచితంగా పంపినది. డబ్బులేమీ ఇవ్వలేదు. "నాలుగు మంచి మాటలు చెప్పండి" అని ఒక చీటీ మాత్రం పెట్టారు. నాలుగు వస్తాయో రావో చూద్దాం. చిక్కదనం, తెలుపు, ధర లాంటి వివరాలు ఇక్కడ చదివి వినిపించను.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. ఉత్త బట్ట మీద నేరుగా ఆయిల్ రంగు వేస్తే అందులోని అవిసె నూనె నూలులోకి ఇంకిపోతుంది. కొన్నేళ్లకు ఆ బట్ట పెళుసెక్కి చివికిపోతుంది. అందుకే మధ్యలో ఈ పూత. బట్ట మీద కథల బొమ్మలు వేసే మన చేర్యాల నకాషీ కళాకారులు కూడా బట్టను సిద్ధం చేయడానికి చింతగింజల అంబలి, బియ్యపు గంజి, సుద్దమట్టి, జిగురు కలిపి ఖాదీ బట్టకు పట్టించేవారు. నేనూ ఒకసారి ఆ ముచ్చట తీర్చుకున్నాను. గింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తుంటే మా అత్తగారు వంటింట్లోకి తొంగి చూసి "ఏం పచ్చడమ్మా ఇది?" అని అడిగారు. మిగిలిన అంబలి నాలుగో రోజుకు బూజు పట్టింది. అప్పటినుంచి డబ్బా గెస్సోనే వాడుతున్నాను.

ఇక ఇది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. కాస్త నీళ్లు కలిపి మొదటి పూత అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా వేశాను. 220 నంబరు ఉప్పు కాగితంతో తేలికగా రుద్ది మూడోది వేశాను. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఆ తెల్లటి పొడి పీల్చేది కాదు. ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నాను. గరుకు ఎంత సమంగా ఉందో చూడండి. బొగ్గు గీత జారడం లేదు, రంగు పట్టుకుంటోంది. దీని మీద ఆయిల్ వేయాలనుకుంటే మాత్రం తొందరపడకండి. ముట్టుకుంటే గంటకే ఆరినట్టు ఉంటుంది, నేనైతే మూడు రోజులు వదిలేస్తాను.

ఇప్పుడు మూత సంగతికి వద్దాం. ఈ వీడియో తీస్తున్నదే దీనికోసం.

ఇది మరలాగా తిప్పే మూత. వాడిన ప్రతిసారీ అంచున ఉన్న మరల్లోకి కొంచెం గెస్సో చేరుతుంది. గెస్సో అంటే ఏమిటండీ? సుద్ద, తెల్ల రంగు, ఆక్రిలిక్ జిగురు. అంటే మనం మూత పెట్టడం లేదు, అతికిస్తున్నాం! మూడోసారికే చేత్తో రాలేదు. మా ఆయన పట్టకారు తెచ్చి తిప్పితే వచ్చింది. వచ్చేటప్పుడు ఊరికే రాలేదు, మరల్లో ఎండిన పెచ్చులన్నీ లోపలికి రాల్చింది. అవి కరగవు. కుంచెతో పాటు వచ్చి కాన్వాసు మీద ఇసుక రేణువుల్లా కూర్చుంటాయి. అదీ ఎక్కడ? సరిగ్గా ముఖం వేసే చోట, చెంప మీద. ఎండాక గోటితో గీకితే చుట్టూ ఉన్న పూత కూడా లేచి వచ్చింది.

నేను ఇంతకు ముందు వాడిన డబ్బాకు లోపల ఇంకో పలుచని మూత ఉండేది. అంతే తేడా. అది మూడేళ్లు వచ్చింది, చివరి చెంచా వరకు వెన్నలాగే ఉంది. ఇంత మంచి సరుకు తయారు చేసినవాళ్లకు ఆ బిళ్ల ఒక్కటి బరువైందా? ఇప్పటికే కొన్నవాళ్లు ఇలా చేయండి. డబ్బాలో కుంచె ముంచకుండా కావలసినంత చెంచాతో గిన్నెలోకి తీసుకోండి, అంచును తడిగుడ్డతో తుడవండి, పాలిథిన్ ముక్క పరిచి మూత బిగించండి. పెచ్చులు ఇప్పటికే పడి ఉంటే పాత పంచె గుడ్డలో వడకట్టడమే దారి.

డబ్బాతో పాటు ఇంకొకటి వచ్చింది. చిన్న పొట్లంలో నాలుగు ప్లాస్టిక్ క్లిప్పులు, రెండు వైపులా సూదులు. ఒకే కొలత ఉన్న రెండు కాన్వాసులను ఎదురెదురుగా పెట్టి నాలుగు మూలలా వీటిని గుచ్చితే మధ్యలో ఖాళీ మిగులుతుంది, తడి రంగు దేనికీ తగలదు. వీటి విలువ నాకు తెలుసు. ఒకసారి మే నెలలో ఆక్రిలిక్ బొమ్మలు బబుల్ చుట్టలో చుట్టి బస్సు డిక్కీలో వేసి విజయవాడ నుంచి హైదరాబాద్ తీసుకెళ్లాను. ఆక్రిలిక్ ఎండినా వేడికి మెత్తబడుతుందని అప్పటికి తెలియదు. విప్పితే గోదావరి మీద ఆకాశమంతా గుండ్రటి మచ్చలు! చూసినవాళ్లు "చుక్కల ముగ్గా అండీ?" అన్నారు. ఇప్పుడు ముందు కేకుల కింద పరిచే అంటుకోని కాగితం వేసి, బుడగలు బయటికి ఉండేలా దాని మీద చుడుతున్నాను. కాన్వాసును చెక్క చట్రం నుంచి విప్పి గొట్టానికి చుట్టాల్సి వస్తే రంగు వైపు బయటికి ఉండాలి, గొట్టం లావుగా ఉండాలి.

ఈ క్లిప్పులతో రెండు తడి బొమ్మలు ఆటోలో ఒళ్లో పెట్టుకుని గుంతల రోడ్డు మీద వెళ్లాను. ఒక్క మరక లేదు. చెక్క మీద సూది గుచ్చిన చుక్క పడుతుంది, ఫ్రేము కడితే కనిపించదు. కొరియర్‌లో పంపడానికి మాత్రం ఇవి చాలవు, చేత్తో మోసుకెళ్లడానికే.

అందుకని నా మాట ఇదండీ. గెస్సోకు నా డబ్బు పెట్టను. క్లిప్పులు ఇంకో రెండు జతలు కొంటున్నాను. కంపెనీ వాళ్లు చూస్తుంటే, ఈసారి డబ్బా పంపకండి. మూత పంపండి.