వెంట్రుకవాసి ఖాళీలు: ఇంట్లో పవర్ ఇంజిన్ కట్టడం

(దగ్గరి షాట్: తెల్ల కాగితం మీద ఒక తల వెంట్రుక. పక్కన మైక్రోమీటర్.)

ఇది నా తల వెంట్రుకే. ఉన్నవే కొన్ని, అందులో ఒకటి ఈ వీడియో కోసం పీకాను. కొలుద్దాం. 0.07 మిల్లీమీటర్లు. ఈ అంకె కాస్త గుర్తుపెట్టుకోండి. ఇదిగో, పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు, ఈ క్రాంక్ షాఫ్ట్‌కీ దాన్ని మోసే బేరింగుకీ మధ్య ఉండాల్సిన ఖాళీ ఈ వెంట్రుక కన్నా సన్నం. సుమారు 0.05.

పవర్ ఇంజిన్, అంటే మామూలు కన్నా ఎక్కువ పవర్ వచ్చేలా కట్టిన ఇంజిన్, అనగానే అందరికీ టర్బో (గాలిని నొక్కి లోపలికి తోసేది), పెద్ద కామ్ (వాల్వులని ఎక్కువ తెరిచే ఇరుసు), ఫోర్జ్డ్ పిస్టన్లు (సాగగొట్టి చేసిన గట్టి పిస్టన్లు) గుర్తొస్తాయి. అవన్నీ డబ్బు పెడితే దొరుకుతాయి. ఆ భాగాల మధ్య ఉండాల్సిన ఖాళీని మాత్రం ఎవరూ డబ్బాలో పెట్టి పంపరు. అది మనమే చూసుకోవాలి. నన్నడిగితే ఇంజిన్ కట్టే పనిలో ముప్పావు వంతు కొలవడం, మిగతా పావు వంతు కడగడం. బిగించడమా? అది ఒక పూట పని.

(తెర మీద: 86 × 86)

మాట్లాడుకోవడానికి ఒక ఇంజిన్ కావాలి కాబట్టి ఇది తీసుకుందాం. బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 86 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ పైనుంచి కిందకి వెళ్లే దూరం, అదీ 86. నాలుగు సిలిండర్లు. లెక్క కడితే 1998 సీసీ. హోండా కే20, నిస్సాన్ ఎస్ఆర్20, టొయోటా 3ఎస్, మూడింటికీ ఇవే కొలతలు. బోరూ స్ట్రోకూ సమానంగా ఉంటే ఇంజిన్ తక్కువ ఆర్పీఎంలో (నిమిషానికి తిరిగే చుట్లు) కూడా లాగుతుంది, పైకి తిప్పినా తిరుగుతుంది. అందుకే పవర్ కోసం ఇంజిన్ కట్టేవాళ్లకి ఈ అంకెలంటే అంత ఇష్టం.

పవర్ పెంచడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒక్కో స్ట్రోకులో ఎక్కువ గాలి పట్టించాలి, లేదా పట్టిన గాలినే నిమిషానికి ఎక్కువసార్లు కాల్చాలి. టర్బో మొదటి దారి. పెద్ద కామ్, ఎక్కువ ఆర్పీఎం రెండో దారి. టార్క్‌ని (తిప్పే బలం) ఆర్పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 200 న్యూటన్ మీటర్ల టార్క్ 4000 ఆర్పీఎం దగ్గర 84 కిలోవాట్లు. అదే టార్క్‌ని 7000 దాకా పట్టి ఉంచగలిగితే 147. ఒక్కో స్ట్రోకులో పట్టే గాలి పెంచలేదు, టార్క్ పెంచలేదు, పవర్ మాత్రం డబుల్‌కి దగ్గరగా వచ్చింది. వినడానికి ఉచితంగా వచ్చినట్టే ఉంటుంది.

ఉచితం కాదు. ఎందుకో చూపిస్తాను.

(షాట్: అరచేతిలో పిస్టన్. తర్వాత తూకం: 400 గ్రాములు.)

400 గ్రాముల పిస్టన్. 7000 ఆర్పీఎం దగ్గర ఇది సెకనుకు దాదాపు 117 సార్లు పైకి వెళ్లి, ఆగి, కిందకి రావాలి. పై కొసన ఆగి తిరిగే ఆ క్షణంలో ఇది రాడ్డుని (పిస్టన్ని క్రాంకుకి కలిపే కడ్డీ) ఎంత బలంతో లాగుతుందో తెలుసా? సుమారు 1.2 టన్నులు. అరచేతిలో పట్టే ముక్క, ఒక చిన్న కారంత బరువై వేలాడుతుంది. 8000కి తిప్పితే 1.6 టన్నులు. ఆర్పీఎం పెరిగింది 14 శాతమే, లాగే బలం 31 శాతం పెరిగింది. ఎందుకంటే ఆ బలం ఆర్పీఎం వర్గంతో పాటు పెరుగుతుంది.

పేలుడు ఒత్తిడికి రాడ్డు విరుగుతుందని చాలామంది అనుకుంటారు. పేలుడు రాడ్డుని నొక్కుతుంది. నొక్కుడుని అది బాగానే తట్టుకుంటుంది. అసలు గండం ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర. అప్పుడు పిస్టన్ పైన అడ్డుపడే ఒత్తిడి ఏమీ ఉండదు. పైకి దూసుకెళ్తున్న పిస్టన్‌ని వెనక్కి లాగాల్సింది రాడ్డు, ఆ రాడ్డుని క్రాంకుకి పట్టి ఉంచాల్సింది ఈ రెండు బోల్టులు. ఇంజిన్ బ్లాకు పక్కన రాడ్డు పొడుచుకుని కిటికీ తెరుచుకున్న ఫొటోలు చూసే ఉంటారు. చాలాసార్లు ఆ కథ మొదలయ్యేది ఈ బోల్టుల దగ్గరే.

అందుకే బోల్టుల గురించి ఒక మాట. టార్క్ రెంచ్ "క్లిక్" మంటే పని అయిపోయిందనుకోకండి. మీరు తిప్పే బలంలో దాదాపు 90 శాతం బోల్టు తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. నిజంగా బిగింపుగా మారేది పదో వంతు. అంటే మరల మీద మామూలు ఆయిల్ రాశారా, బోల్టు కంపెనీ ఇచ్చిన లూబ్రికెంట్ రాశారా అన్నదాన్ని బట్టి అదే అంకె దగ్గర బిగింపు మారిపోతుంది. రాడ్ బోల్టుకి స్ట్రెచ్ గేజ్ పెట్టి అది ఎంత సాగిందో కొలవడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. కంపెనీ ఇంజిన్లలో టార్క్ పట్టాక ఇన్ని డిగ్రీలు తిప్పమనే బోల్టులు ఉంటాయి చూడండి, వాటిలో చాలావరకు ఒకసారి సాగదీసి బిగించేవే. అలాంటివి రెండోసారి వాడొద్దు. పాత బోల్టు చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. అదే దానితో చిక్కు.

(షాట్: బ్లాకు, మెషిన్ షాపు నుంచి వచ్చింది. గోడల మీద ఏటవాలు గీతలు.)

ఇంట్లో చేయకూడని పని ఏదైనా ఉందంటే అది బోరింగ్ (సిలిండర్ని కొలతకి తొలచడం), హోనింగ్ (దాని గోడని రాళ్లతో సానపట్టడం). డ్రిల్లుకి తగిలించుకునే హోన్ రాళ్లతో పవర్ ఇంజిన్‌కి బోరు చేయాలనుకోకండి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. బ్లాకుతో పాటు పిస్టన్లు కూడా మెషిన్ షాపుకి ఇవ్వండి. ఒక్కో పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు బోరు చేస్తారు. హోనింగ్ చేసేటప్పుడు టార్క్ ప్లేటు, అంటే సిలిండర్లకి మూతలా ఉండే హెడ్ బదులు పెట్టే మందపాటి పలక, బిగించమని అడగండి. హెడ్ బోల్టులు బిగించినప్పుడు సిలిండర్ గోడ కాస్త వంకర పోతుంది. ఆ వంకరలో ఉండగానే గుండ్రంగా చేస్తే, రేపు హెడ్ ఎక్కాక కూడా గుండ్రంగానే ఉంటుంది.

ఇక్కడ ఖాళీ సంగతి. అల్యూమినియం వేడికి పోత ఇనుము కన్నా రెట్టింపు వ్యాకోచిస్తుంది. 2618 అనే అల్యూమినియం మిశ్రమంతో చేసిన ఫోర్జ్డ్ పిస్టన్ మామూలు పోత పిస్టన్ కన్నా ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి గోడకీ దానికీ మధ్య ఎక్కువ ఖాళీ వదలాలి. చలిగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే కాసేపు టకటకమంటుంది. కంగారు పడకండి, వేడెక్కితే తగ్గుతుంది. మరీ తక్కువ ఖాళీ వదిలితే అప్పుడు నిజంగా కంగారు పడాలి. పిస్టన్ పట్టేస్తుంది.

(షాట్: పిస్టన్ రింగు, చేతి ఫైలర్, ఫీలర్ గేజ్.)

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పని. రింగు గ్యాపులు, అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగు రెండు కొసల మధ్య ఖాళీ. ఇది తొందర మీద చేసే పని కాదు. నేనైతే ఒక ఇంజిన్‌కి ఒక సాయంత్రం మొత్తం దీనికే కేటాయిస్తాను.

రింగుని ఏ సిలిండర్‌లో వాడబోతున్నామో అదే సిలిండర్‌లో పెట్టండి. పిస్టన్‌ని తలకిందులుగా పట్టుకుని దానితో రింగుని ఒక అంగుళం లోపలికి తోయండి. అప్పుడు రింగు సూటిగా కూర్చుంటుంది. రెండు కొసల మధ్య ఫీలర్ గేజ్ (మందం తెలిసిన సన్నటి రేకు) దూర్చి చూడండి. టర్బో లేని ఇంజిన్‌కి మోటు లెక్క ఏమిటంటే, బోరులో ప్రతి మిల్లీమీటరుకీ 0.004. మన 86కి 0.34 మిల్లీమీటర్లు. టర్బో ఉంటే 0.005 నుంచి 0.006, అంటే 0.43 నుంచి 0.52. పిస్టన్ కంపెనీ ఇచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే అదే వేదం, నా లెక్క పక్కన పెట్టేయండి.

గ్యాపు తక్కువ ఉంటే రాపాలి. ఒక కొసనే రాపండి. రెండో కొస కంపెనీ ఇచ్చినట్టు తిన్నగా ఉంటుంది, పోల్చుకోవడానికి పనికొస్తుంది. బయటి అంచు నుంచి లోపలికి రాపండి. ఎదురుగా రాపితే రింగు ముఖం మీది పూత పెచ్చులూడుతుంది. నాలుగు సార్లు రాపండి, కొలవండి. ఇంకో రెండు సార్లు రాపండి, కొలవండి. ఈ చప్పుడు వినండి.

(మాటలు లేవు. పది సెకన్ల పాటు ఫైలర్ శబ్దం మాత్రమే.)

ఫీలర్ గేజ్ రేకు దూరేటప్పుడు వేలికి చిన్న పట్టు తెలియాలి. వెన్నలోకి దూరినట్టు పోతే ఎక్కువైంది, వంచి తోయాల్సి వస్తే తక్కువైంది. అయ్యాక సిలిండర్ నంబరు రాసి కవర్లో పెట్టండి. రింగు మీద చుక్క గానీ అక్షరం గానీ ఉంటే అది పైకి ఉండాలి.

గ్యాపు ఎక్కువైతే కాస్త గ్యాసు కిందకి జారుతుంది, కొద్దిగా పవర్ పోతుంది, అంతే. తక్కువైతే వేడికి రింగు సాగి రెండు కొసలూ ఢీకొంటాయి. ఇంకా సాగడానికి చోటుండదు. గోడని గీరుతుంది, పిస్టన్ గాడి అంచు విరిచేస్తుంది. కాబట్టి అనుమానం వస్తే ఎక్కువ వైపే ఉండండి.

బేరింగులకి ప్లాస్టిగేజ్. ఇదొక మైనం దారం. పొడిగా తుడిచిన జర్నల్ (క్రాంకులో బేరింగు పట్టే గుండ్రటి భాగం) మీద చిన్న ముక్క పెట్టి, బేరింగు క్యాపు పూర్తి టార్క్‌కి బిగించి, మళ్లీ విప్పండి. ఎంత వెడల్పుగా నలిగిందో కవరు మీది గీతలతో పోల్చితే ఖాళీ తెలుస్తుంది. మధ్యలో క్రాంకుని పొరపాటున కూడా తిప్పకండి, మైనం పులుముకుపోతుంది. జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు అన్నది పాత లెక్క. మన 50 మిల్లీమీటర్ల జర్నల్‌కి 0.05, మొదట చెప్పిన అంకె అక్కడి నుంచే వచ్చింది. ఆ ఖాళీలో ఆయిల్ పొర ఉంటుంది. క్రాంకు తిరుగుతున్నంతసేపూ దాని మీదే తేలుతుంది, లోహానికి లోహం తగలదు.

(షాట్: తొట్టి, వేడి నీళ్లు, సబ్బు, నైలాన్ బ్రష్.)

నా మొదటి ఇంజిన్ కథ చెప్పాలి. హోనింగ్ అయి వచ్చిన బ్లాకుని కిరోసిన్‌తో కడిగాను. అద్దంలా మెరిసింది. కట్టాను, నడిపాను. 600 కిలోమీటర్లకే ఆయిల్ తాగడం మొదలుపెట్టింది, వెనక నీలం పొగ. విప్పి చూస్తే రింగుల ముఖాలు గీరుకుపోయి ఉన్నాయి. తప్పు ఎవరిదీ కాదు, నాదే. హోన్ రాతి పొడి ఆ ఏటవాలు గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. కిరోసిన్, పెట్రోల్ ఆ పొడిని బయటికి తేలేవు. ఆయిల్‌ని కరిగించి పొడిని అక్కడే వదిలేస్తాయి.

వేడి నీళ్లు, అంట్లు తోమే సబ్బు, బ్రష్. అదే మందు. తోమి, కడిగి, ఆరబెట్టి, వెంటనే ఆయిల్ రాసి తెల్ల గుడ్డతో తుడవండి. ఆలస్యం చేస్తే కళ్ల ముందే తుప్పు పడుతుంది. గుడ్డ మీద బూడిద రంగు కనిపించిందా, మళ్లీ మొదటికి. ఈ బ్లాకుకి ఐదుసార్లు కడిగాను.

(షాట్: ఐదు గుడ్డలు వరసగా. మొదటిది నల్లగా, చివరిది తెల్లగా.)

పెద్ద కామ్ వేసినా, హెడ్ కొద్దిగా చెక్కించినా వాల్వుకీ పిస్టన్‌కీ దూరం తగ్గుతుంది. పిల్లలు ఆడుకునే మెత్తటి మట్టి పిస్టన్ మీద పెట్టి, హెడ్ ఎక్కించి, టైమింగ్ కలిపి, క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పండి. హెడ్ దించి మట్టిని బ్లేడుతో కోసి, అన్నిటికన్నా పల్చగా ఉన్న చోట కొలవండి. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 ఉంటే నిద్ర పడుతుంది. చేత్తో తిప్పేటప్పుడు ఏదైనా తగిలితే ఆగిపోండి, బలం పెట్టకండి.

కంప్రెషన్ రేషియో (మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో చెప్పే అంకె) కూడా కాగితం మీద చూసి నమ్మొద్దు. మన సిలిండర్ ఒక్కోటి 499.6 సీసీ. పై కొసన మిగిలే చోటు 50 సీసీ అయితే రేషియో 11. హెడ్ చెక్కించి 3 సీసీ తగ్గిస్తే 11.6. గాజు బ్యూరెట్‌తో రంగు నీళ్లు పోసి కొలిస్తే తేలిపోతుంది.

రేషియో గానీ బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) గానీ పెంచారంటే నాకింగ్‌తో చెలగాటమే. స్పార్కు అంటించిన మంట గదిలో పాకుతుండగా, ఇంకా మంట చేరని మూల మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తనే ఒక్కసారిగా అంటుకోవడమే నాకింగ్. 86 మిల్లీమీటర్ల బోరులో ఆ చప్పుడు 6 నుంచి 7 కిలోహెర్ట్జ్ మధ్య మోగుతుంది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు. బండి హోరులో అది మన చెవికి చేరేలోపే పిస్టన్ అంచు కరిగిపోవచ్చు. అందుకే వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పొగని బట్టి గాలి, పెట్రోలు నిష్పత్తి కొలిచేది) లేకుండా ట్యూనింగ్‌కి కూర్చోకండి. గాలికీ పెట్రోలుకీ నిష్పత్తి పూర్తిగా కాలడానికి 14.7. పూర్తి లోడు మీద టర్బో లేనిదానికి 12.5 నుంచి 13, టర్బోకి 11.5 నుంచి 12 దగ్గర మొదలుపెడతారు. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్కు పడే సమయం) వెనక్కి పెట్టి మొదలెట్టి, ఒక్కో డిగ్రీ ముందుకి జరపండి. ఇది చేతకాకపోతే సిగ్గుపడక్కర్లేదు, ట్యూనర్‌కి ఇవ్వండి. నేను ఇస్తాను.

(షాట్: ఇంజిన్ బిగించి ఉంది. స్పార్కు ప్లగ్గులు లేవు.)

మొదటి స్టార్టుకి ముందు ప్లగ్గులు తీసేసి, ఇంజెక్టర్ల కనెక్షన్ పీకి, స్టార్టర్‌తో తిప్పండి. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ప్లగ్గులు పెట్టొద్దు. ఒకసారి నాకు ఎంత తిప్పినా లేవలేదు. బ్లాకు కడిగేటప్పుడు తీసిన ఆయిల్ గ్యాలరీ (బ్లాకులో ఆయిల్ వెళ్లే దారి) బిరడా ఒకటి బల్ల మీదే ఉంది! ఆ ముల్లు వైపు చూడకుండా స్టార్ట్ చేసి ఉంటే బేరింగులు నిమిషాల్లో పోయేవి.

స్టార్ట్ అయ్యాక గంటల తరబడి ఐడిల్‌లో వదలకండి. రింగులు గోడకి ఒరుసుకుని కూర్చోవాలంటే వాటి వెనక గ్యాసు ఒత్తిడి కావాలి. వేడెక్కాక మోస్తరు లోడు మీద నడపండి, యాక్సిలరేటర్ వదిలి దానంతట అదే వేగం తగ్గనివ్వండి, మళ్లీ నొక్కండి.

తర్వాత ఆయిల్ మార్చి, పాత ఫిల్టర్‌ని కోయండి.

(షాట్: కోసిన ఫిల్టర్. మడతలు విప్పి ఎండలో పట్టుకున్నాను.)

ఇది ఈ ఇంజిన్ మొదటి ఫిల్టర్. సన్నటి మెరుపు పొడి కొంచెం ఉంది, కొత్త ఇంజిన్‌కి అది మామూలే. రాగి రంగు రేకులు ఉంటే బేరింగ్ పై పొర పోయిందని అర్థం, మళ్లీ అంతా విప్పాలి. అవి లేవు. ఈ మడతలో మాత్రం ఒక పెద్ద ముక్క ఉంది, చూశారా? దీన్ని చూడగానే టెన్షన్ వచ్చింది. అయస్కాంతం పెట్టాను, కదల్లేదు. గోరుతో నొక్కితే మెత్తగా ఉంది. సంపు (కింది ఆయిల్ తొట్టి) బిగించేటప్పుడు నేనే ఎక్కువ పూసిన సిలికాన్ జిగురు. వచ్చే వీడియోలో ఈ ఇంజిన్ని డైనో (పవర్ కొలిచే యంత్రం) ఎక్కిస్తాను.