800 ఎమ్‌ఎమ్ జూమ్ కొన్నావా అన్నా? ఒక్కసారి భాగించి చూడు!

ఆగండాగండి, స్కిప్ కొట్టొద్దు, ముందు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తియ్యండి. 600ని 6.3తో భాగించండి, అంటే లెన్స్ మీద రాసుండే మిల్లీమీటర్లని దాని పక్కనుండే ఎఫ్ అంకెతో. ఎంతొచ్చింది, 95. ఇప్పుడు 800ని 9తో భాగించండి. 89. అంతే సామీ, వీడియో అయిపోయింది, ఇంటికెళ్ళొచ్చు. ఎందుకంటే మీరు రెండు లక్షలకి అటూఇటూ పోసి కొన్న కానన్ 200-800 లెన్స్, అదే పిట్ట అదే కొమ్మ మీద కూర్చోనుంటే, నా నికాన్ 180-600 కంటే తక్కువ వెలుతురు పట్టుకుంటది. తక్కువ! నేను అనడం లేదు, మీ లెన్స్ మీద అచ్చేసిన అంకెలే అంటున్నాయి.

పోయిన వీడియోలో నేనన్నది ఒకటే మాట, పిట్టల ఫోటోలకి మిర్రర్‌లెస్ కెమెరా మీద 600 దాకా పోయే జూమ్ చాలు, 800 పిచ్చి వద్దు అని. దానికి కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. "అందని ద్రాక్ష పుల్లన బ్రో" అని ఒకాయన, "నికాన్ దగ్గర డబ్బులు తీసుకున్నావా" అని ఇంకొకాయన. నికాన్ వాళ్ళు నాకు లెన్స్ క్యాప్ కూడా ఇవ్వలేదయ్యా, క్యాప్ పోతే నేనే కొనుక్కున్నా.

ఆ భాగిస్తే వచ్చే అంకె ఏందంటే, లెన్స్‌ని ముందు నుంచి చూస్తే లోపల కనపడే కంత వెడల్పు, మిల్లీమీటర్లలో. వాన పడతా ఉంటే వాకిట్లో బిందె పెడతాం కదా, మూతి ఎంత వెడల్పుంటే అన్ని నీళ్ళు పడతాయి, బిందె పొడుగ్గా ఉంటే ఎక్కువ వాన పడదు కదా. ఇదీ అంతే. 800 అనేది బిందె పొడుగు. అందరూ పొడుగు చూసి కొంటున్నారు, మూతి ఎవరూ చూడట్లా.

భాగించుకుంటా పోండి, మీకే తెలిసిపోద్ది. సోనీ 200-600, 2019లో వచ్చింది, చివర ఎఫ్ 6.3, అంటే 95. సిగ్మా 150-600 స్పోర్ట్స్, 95. నికాన్ 180-600, 2023ది, అదీ 95. టామ్రాన్ 150-500, చివర ఎఫ్ 6.7, అంటే 75. కానన్ 100-500, చివర ఎఫ్ 7.1, 70! అందరూ దేవుడి పటంలాగా చూసుకునే లెన్స్ అది, షార్ప్‌గా ఉంటది, తేలిక, ట్రైపాడ్‌కి బిగించే కాలర్ తీసేస్తే 1370 గ్రాములే, కాదనను, కానీ మూతి 70. 2020లో కానన్ చవగ్గా 800 ఎఫ్ 11 ప్రైమ్, అంటే జూమ్ కాని లెన్స్ ఒకటి వదిలింది గుర్తుందా, 800 అని ఎగబడ్డారు జనం, భాగిస్తే 73.

ఇంక సోనీ 400-800, 2025ది, చివర ఎఫ్ 8, అంటే 100. ఒప్పుకుంటా, ఇది 95 కంటే ఎక్కువే. ఎంత ఎక్కువ, వెలుతురులో పది శాతం. ఆ పది శాతానికి రిలీజ్‌లో అమెరికా రేటు 2,899 డాలర్లు, నికాన్ 180-600 రిలీజ్ రేటు 1,697. పన్నెండు వందల డాలర్ల తేడా! పైగా అటువైపు 400 నుంచే మొదలు, పిట్ట దగ్గరికొచ్చి వాలితే ఏం చేస్తావ్, "కొంచెం ఎనక్కి జరగమ్మా" అని బతిమాలుకోవాలి.

"మరి అమెరికా నుంచి బావమరిది చేత తెప్పించుకుంటే?" అని ఒకాయన అడిగాడు. తెప్పించుకో, కానీ లెన్స్ ఆగిపోయిన రోజు వారంటీ కార్డు పట్టుకుని ఇక్కడ సర్వీస్ సెంటర్‌కి పోతే ఏమంటారో ముందే కనుక్కో. తర్వాత బావమరిదిని తిట్టి లాభం లేదు.

సరే, "600తో తీసిన ఫోటో అంచులు కట్ చేస్తే మెగాపిక్సెల్స్ పోతాయి కదా" అంటారు. పోతాయి. 45 మెగాపిక్సెల్ బాడీ మీద 600తో తీసి, దాన్ని 800 అంత దగ్గరగా కట్ చేస్తే పాతిక మిగుల్తాయి. పాతిక! ఆ పాతికని మీరు ఏం చేస్తున్నారు, వాట్సాప్‌లో పెడుతున్నారు. అది ఇంకా పిండి పిండి చేసి చిన్నది చేస్తది.

ఇప్పుడు అసలు కథ. మా ఫ్రెండ్ ఒకడు, పేరు చెప్పను, చూస్తున్నాడు ఈ వీడియో, హాయ్ రా. వాడికి కానన్ ఆర్5 కెమెరా, దానికి కొత్తగా 200-800. ఈ జనవరిలో ఇద్దరం సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద, పులికాట్ మధ్యలో కారు ఆపాం. దూరంగా ఫ్లెమింగోలు, నీళ్ళల్లో లేత గులాబీ గీత గీసినట్టు. అప్పటికే తొమ్మిది దాటింది, ఎందుకంటే వాడికి టిఫిన్ పడందే బండి కదలదు, రెండు దోశలు, మళ్ళా ఇంకో దోశ. సరే తీశాం. వాడు 800లో, నేను 600లో. కారులో కూర్చుని స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే, ఫ్లెమింగో కాళ్ళు జంతికల్లాగా వచ్చాయి! మెలికలు మెలికలు. వాడివీ అంతే, నావీ అంతే. వాడివి కొంచెం పెద్ద జంతికలు, అదొక్కటే తేడా.

వాడు ఏమన్నాడో తెలుసా, "అన్నా, ఫోకస్ ప్రాబ్లమ్ అనుకుంటా, లెన్స్ మార్పిస్తా" అన్నాడు. నాయనా, ప్రాబ్లమ్ లెన్స్‌ది కాదు, గాలిది. ఎండెక్కే కొద్దీ బురద, తారు, నీళ్ళు ఒక్కోటి ఒక్కో రకంగా వేడెక్కుతాయి, వాటి మీద గాలి పొరలు పొరలుగా కదుల్తా ఉంటది, వెలుతురు ఆ పొరల్లోంచి వంకర్లు తిరిగి మన దగ్గరికొస్తది. వేసవిలో రోడ్డు మీద దూరంగా నీళ్ళున్నట్టు కనిపిస్తది కదా, ఎండమావి, ఇది దాని తమ్ముడు. ఎంత దూరం నుంచి తీస్తే అంత గాలి మధ్యలో ఉంటది. 800 ఆ వంకరని పెద్దది చేసి చూపిస్తది అంతే. పది లక్షల లెన్స్ పెట్టినా అదే జంతిక.

ఇక్కడ నా పాత గొడవ మళ్ళీ మొదలుపెడతా. 600కి 800కి తేడా ఎంతో తెలుసా? పది మీటర్లు. పిట్ట 40 మీటర్ల దూరంలో ఉంటే 800లో ఎంత కనిపిస్తదో, 30 మీటర్ల నుంచి 600లో అంతే కనిపిస్తది. పది మీటర్ల నడక! మధ్యలో గాలి కూడా పది మీటర్లు తగ్గింది, ఫ్రీగా. పులికాట్‌లో బురదలోకి దిగమనట్లా, దిగితే మోకాళ్ళ దాకా పోతారు, పిట్టలు కూడా లేచిపోతాయి, ఆ పని చెయ్యొద్దు. కానీ పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుంటది చూడండి, నడిచి పోతే ఎగిరిపోద్ది, కారులో మెల్లగా పోయి ఇంజన్ ఆపితే ఒక్కోసారి అట్టానే కూర్చుని చూస్తా ఉంటది, ఎందుకో వాటికి కారంటే లెక్కలేదు. అద్దం మొత్తం దించండి, ఏసీ ముందే ఆపేయండి, లేదంటే లోపలి చల్లగాలి బయటి వేడిగాలి కిటికీ దగ్గర కలిసి మళ్ళా అదే జంతిక. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కోసి, శనగలు నింపి రెండు పక్కలా కుట్టేసి, డోర్ మీద వేసి దాని మీద లెన్స్ ఆనించండి. ఎండాకాలం వెళ్ళాక శనగల్లో పురుగు పడితే నన్ను తిట్టొద్దు.

ఇప్పుడు కానన్ కెమెరా ఉన్నవాళ్ళకి చెప్పాలి, వాళ్ళ మీద నాకు కోపం లేదు, జాలి. నా లెక్క ప్రకారమే మీరు 200-800 కొనాలి! నవ్వండి, పర్లేదు. ఎందుకంటే ఈ రేట్లలో మీ ఆర్‌ఎఫ్‌లో, అంటే కానన్ మిర్రర్‌లెస్‌కి తగిలే లెన్సుల్లో, పెద్ద జూమ్‌లు ఇంకేం ఉన్నాయి, 70 లేదా 89, ఇంతే. సోనీ వాడు సిగ్మా కొనుక్కుంటాడు, టామ్రాన్ కొనుక్కుంటాడు. మీకు మాత్రం ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్, ఆటోఫోకస్ లెన్సుల్లో బయటి కంపెనీలకి కానన్ తలుపు మూసేసింది. 2022లో విల్‌ట్రాక్స్ అనే చైనా లెన్స్ కంపెనీ ఆర్‌ఎఫ్ లెన్సులు అమ్మడం ఆపింది కానన్ ఆపమంటేనే కదా? 2024లో సిగ్మాకి, టామ్రాన్‌కి కొంచెం తలుపు తీశారు, అదీ చిన్న సెన్సర్ లెన్సులకే. ఇంటికి పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చి పంపినట్టు! సోనీ కూడా పత్తిత్తు కాదులే, ఏ1 బాడీ సెకనుకి 30 ఫోటోలు కొడతది, సిగ్మా తగిలించగానే 15కి పడిపోద్ది, మధ్యలో పెట్టి జూమ్ పెంచే టెలికన్వర్టర్ అసలు తగలదు. ఈ కంపెనీలన్నీ ఒక తాను ముక్కలే.

800 వల్ల ఒక్క లాభం మాత్రం ఉంది, దాచిపెట్టను. చిన్న పిట్ట ఫైండర్‌లో పెద్దగా కనపడుతుంది, కెమెరా దాని కన్ను తొందరగా పట్టుకుంటది. పిచ్చుక సైజు పిట్టలే మీ ప్రాణమైతే, సరే, కొనుక్కోండి, కళ్ళు తెరిచి కొనండి. కానీ తెల్లారి ఆరున్నరకి నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు చెరువులో చెట్ల మీంచి లేచేటప్పుడు, నా ఎఫ్ 6.3 దగ్గర ఐఎస్‌ఓ, అంటే చీకట్లో ఫోటోని వెలిగించడానికి పెంచే అంకె, 6400 చాలిన చోట మీ ఎఫ్ 9కి 12800 కావాలి. స్క్రీన్ నిండా గసగసాలు చల్లినట్టు ఉంటది, నాది 800 అంత దగ్గరగా కట్ చేసినా ఇంచుమించు అంతేలే. నా ఫోటో ఇంత, వాడిది ఇంత, ఇదిగో పక్కపక్కన పెడుతున్నా, నాది కట్ చేసింది, వాడిది చెయ్యనిది. ఏది ఎవరిదో కామెంట్‌లో చెప్పండి, గూగుల్ చెయ్యొద్దు.

నిన్న రాత్రి పదకొండింటికి వాడే ఫోన్ చేశాడు. "అన్నా, నా లెన్స్‌కి 2ఎక్స్ ఎక్స్‌టెండర్ తగుల్తదంట, 1600 అవుద్దంట, కొనేదా?" అన్నాడు. ఎఫ్ ఎంత అవుద్దిరా అంటే, "18" అన్నాడు.

భాగించరా అన్నా. ఫోన్ అవతల కాసేపు చప్పుడు లేదు. "ఎనభై తొమ్మిది" అన్నాడు.