సఫారీ తర్వాత జాంజిబార్: హోటల్ కన్నా ముందు సముద్రపు పోటు చూడండి

[దృశ్యం: ఎర్రటి దుమ్ము పట్టిన జీపు, వెనక సీట్లో కునికిపాట్లు పడుతున్న మనుషులు]

అడవి జంతువుల్ని చూసే సఫారీ అంటే కెన్యాలో మసాయి మారా, టాంజానియాలో సెరెంగెటి, ఎన్‌గోరోంగోరో... పది పన్నెండు రోజులు చీకటితోనే లేచి, గతుకుల దారిలో ఎగిరెగిరి పడితే ఒళ్లు హూనమైపోతుంది. చెట్టు కింద సింహం కనిపించినా "చూశాంలే, పద" అనిపించే రోజు ఒకటొస్తుంది. టాంజానియా దీవి జాంజిబార్ ఆ రోజు కోసమే. అందుకే దీన్ని టూరు మొదట్లో పెట్టకండి, చివర్లో పెట్టండి. కనీసం నాలుగు రాత్రులైనా ఉండాలి.

సెరెంగెటిలోని చిన్న ఎయిర్‌స్ట్రిప్ నుంచే విమానం ఎక్కొచ్చు. మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో. చక్రాల సూట్‌కేసుతో వెళ్తే తంటానే. ఖర్చు తగ్గాలంటే టాంజానియా రేవు నగరం దారెస్సలాం నుంచి ఫెర్రీ ఉంది, దాదాపు రెండు గంటలు.

[దృశ్యం: పాజే తీరం. కెమెరా కదలదు. పొద్దున నీళ్లు, మధ్యాహ్నం ఇసుక]

ఇక అసలు సంగతి. హోటళ్లవాళ్లు పెట్టే ఫొటోలు పోటు మీదున్నప్పుడు తీసినవి. తూర్పున పాజే, జంబియాని దగ్గర సముద్రం లోతు తక్కువ. ఆటు వేళకి నీళ్లు ఎక్కడికో వెళ్లిపోతాయి. తువ్వాలు భుజాన వేసుకుని ఈతకని బయల్దేరితే ఎదురుగా తడి ఇసుకే. మళ్లీ పోటు నిండడానికి ఆరు గంటలు. పైగా రోజూ ఓ 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు ఇంకా దూరం పోతాయి. కాకినాడ జాలరికి ఈ లెక్క చెప్పక్కర్లేదు, రిసార్టు బుక్ చేసేవాళ్లకే చెప్పాలి!

ఏ వేళలోనైనా ఈత కొట్టాలనుకుంటే ఉత్తరాన నుంగ్వి, కెండ్వా చూసుకోండి. జనం ఎక్కువే, కానీ నీళ్లుంటాయి. నాకైతే తూర్పున ఆ ఖాళీ ఇసుకే ఇష్టం. నీళ్లు తగ్గగానే ఊరి ఆడవాళ్లు మోకాలి లోతులోకి దిగుతారు. అక్కడ పాతిన పుల్లల మధ్య తాళ్లు కట్టి ఉంటాయి. వాటికి సముద్రపు నాచు కుచ్చులు ఒక్కొక్కటే ముడివేస్తారు. పెరిగాక కోసి, ఎండబెట్టి అమ్ముతారు. 1980ల చివర్లో మొదలైన సాగు ఇది. వాళ్ల పని మీ ఫొటోకి బ్యాక్‌గ్రౌండ్ కాదు, అడిగి తీయండి.

[దృశ్యం: ఫొరోధాని తోట, రాత్రి, పొగలు కక్కుతున్న గిన్నె]

ఒక రాత్రి జాంజిబార్ పాత నగరం స్టోన్ టౌన్‌కి ఉంచండి. ఫొరోధానిలో ఉరోజో తాగి చూడండి: పుల్లటి పసుపుపచ్చ పులుసు, అందులో బజ్జీలు, బంగాళాదుంప ముక్కలు. మన చారులో మిరపకాయ బజ్జీ ముంచుకున్నట్టు ఉంటుంది. శాకాహారులకి కొబ్బరిపాల అన్నం, కొబ్బరి వేసిన చిక్కుడు గింజల కూర దొరుకుతాయి. చపాతీని అక్కడా చపాతీ అనే అంటారు. 1873లో మూతపడిన బానిసల సంత స్థలంలో ఇప్పుడు చర్చి ఉంది. అక్కడ మాత్రం హడావిడి పడకండి.

కాగితాల్లో ఈ రెండూ మర్చిపోకండి. కెన్యా మీదుగా వెళ్తుంటే ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉండాలి, టీకా కనీసం పది రోజుల ముందు పడాలి. 2024 అక్టోబర్ నుంచి జాంజిబార్ సొంత బీమా కూడా తప్పనిసరి చేసింది, 44 డాలర్లు.

చివరి రోజు స్కూబా డైవింగ్ పెట్టుకోకండి. డైవింగ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. ఆ పూట ఇంకో గిన్నె ఉరోజో తాగండి.