దయ్యం సినిమా చూసిన రాత్రి ఒంట్లో ఏం జరుగుతుంది?

శ్రోతలకు నమస్కారం.

రాత్రి పదకొండు దాటినాక ఫోన్లో దయ్యం సినిమా చూసి, పెరట్లో ఉన్న బాత్రూముకు పోవాలంటే కాలు కదలదు. చూసింది కట్టుకథని తెలుసు. దయ్యం వేషం వేసినామె మేకప్ కడుక్కుని ఇంటికి పోయి ఉంటుందనీ తెలుసు. అయినా మిద్దె మెట్ల కింది చీకటి వైపు చూడబుద్ధి కాదు. తెలివికి తెలిసిన సంగతి ఒంటికి ఎందుకు ఎక్కదో ఈ పూట మాట్లాడుకుందాం.

తెర మీద తలుపు దబాలున కొట్టుకుంటుంది. మన రెప్పలు పడటం సెకనులో 20వ వంతులోపే మొదలవుతుంది, ఆ వెంటనే భుజాలు బిగుసుకుంటాయి. ఈ పని మెదడు అడుగుభాగం తనంతట తానే చేసేస్తుంది. ఇది సినిమానా నిజమా అని పైభాగాన్ని అడిగే తీరిక దానికి లేదు. ఆ వెనకే అమిగ్డాలా అనే చిన్న కేంద్రం గంట కొడుతుంది, మూత్రపిండాల పైనుండే ఎడ్రినల్ గ్రంథులు రక్తంలోకి ఎడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కంటిపాపలు విచ్చుకుంటాయి, రక్తం కడుపును వదిలి కాళ్లూచేతుల కండరాలకు మళ్లుతుంది. నోరెండిపోవడం, కడుపులో తిప్పడం, అరచేతులు చెమర్చడం, రోమాలు నిక్కబొడుచుకోవడం అన్నీ ఈ ఏర్పాటులోవే. తిరగబడి కొట్టడానికో, పరిగెత్తి బతకడానికో ఒళ్లు సిద్ధమైందన్నమాట.

ఈ సంగతిని 1915లో అచ్చయిన పుస్తకంలో విడమరిచి రాసినాయన హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కేనన్. ఆయన అంతకు చాలా ఏళ్ల ముందే పిల్లులకు, ఎక్స్‌రేలో కనబడే బిస్మత్ అనే పదార్థం కలిపిన తిండి పెట్టి, కడుపు కదలికలు గమనించేవాడు. పిల్లి బెదిరితే చాలు, కడుపు కదలడం ఆగిపోయేది. సంగటి ముద్ద ముందు పెట్టుకుని హారర్ సినిమా చూసేవాళ్లు ఆ పిల్లిని ఒకసారి తలుచుకుంటే మంచిది.

చిక్కంతా సినిమా అయిపోయాక వస్తుంది. ఎడ్రినలిన్ రెండు మూడు నిమిషాల్లో సగానికి పడిపోతుంది. భయం గట్టిదైతే దాని వెనక కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను మెల్లగా పెరిగి, 20 నుంచి 30 నిమిషాలకు పైకెక్కి, దిగడానికి గంటకు పైనే తీసుకుంటుంది. పరిగెత్తడానికి సిద్ధమైన ఒళ్లేమో మంచం మీద కదలకుండా ఉంది. ఆ గంటలో రేకుల మీద పిల్లి నడిచినా, కుళాయి చుక్క పడినా, మిగిలిపోయిన ఆ దడ వచ్చి కొత్త చప్పుడుకు అతుక్కుంటుంది. మామూలు రోజు చెవిన పెట్టని చప్పుడే ఆ రాత్రి ఉలిక్కిపడేలా చేస్తుంది.

అందుకే చూడాలనుకుంటే పడుకోవడానికి రెండు గంటల ముందే ముగించండి. చూసేటప్పుడు సౌండు సగానికి తగ్గించండి. ఉలికిపాటును పుట్టించేది చాలావరకు చప్పుడే. నిశ్శబ్దాన్ని సాగదీసి సాగదీసి ఒక్కసారి పగలగొట్టడమే అసలు కిటుకు. భయపెట్టడంలో దర్శకుడికంటే సంగీతం చేసినాయనదే పెద్ద చెయ్యని మా అభిప్రాయం. చూడటం అయ్యాక దడ తగ్గకపోతే లేచి ఐదు నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ తిరగండి. తర్వాత కూర్చుని, ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి, ఆరు అంకెల సేపు మెల్లగా వదలండి. ఐదు నిమిషాలు చాలు. ఊపిరి వదిలేటప్పుడే గుండె నెమ్మదిస్తుంది, కాబట్టి వదలడమే పొడుగ్గా ఉండాలి. చాలామంది తిరగేసి చేస్తారు, గబగబా గుండెలనిండా పీలుస్తారు. దాంతో తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కి భయం ఇంకాస్త పెరుగుతుంది.

ఒక రాత్రితో పోయే భయం సరే. కొన్ని నెలల తరబడి ఎందుకు ఉంటాయి? 1990లలో మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రాత్రిళ్లు ఆడదెయ్యం వచ్చి తలుపు కొడుతుందనీ, రాత చూసి వెనక్కి పోతుందనీ పుకారు. తెల్లారేది, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. రానే రాని దయ్యాన్ని ఆపిన ఘనత సుద్దముక్కకు దక్కేది. పక్కింటి తలుపు మీద రాత చూసినవాళ్లు, ఏదో లేకపోతే ఎందుకు రాస్తారని తామూ రాసేవాళ్లు. లైటు వేసుకుని పడుకోవడం, మంచం కింద మూడుసార్లు చూసుకోవడం, బాత్రూముకు తోడు పిలవడం కూడా ఆ తలుపు మీద రాత లాంటివే. పని చేసినట్టే ఉంటాయి. ‘తోడు లేకపోయినా ఏమీ కాదు’ అని ఒంటికి తెలుసుకునే అవకాశం మాత్రం ఇవ్వవు.

దీన్ని మెట్లు మెట్లుగా విప్పాలి. మొదటి రెండు మూడు రాత్రులు తోడు మనిషి బాత్రూము దాకా కాకుండా గడప దగ్గరే ఆగాలి. తర్వాత ఇంట్లో ఉండి మాటలు వినిపిస్తే చాలు. ఆపైన టార్చి పట్టుకుని ఒక్కరే, చివరికి మామూలు పెరటి లైటుతో. ప్రతి మెట్టు దగ్గరా భయం పదికి ఎంతుందో అంకె వేసుకుని, అది సగానికి దిగేదాకా అక్కడే నిలబడాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. భయం తొమ్మిదిలో ఉండగా లోపలికి పరిగెత్తుకొస్తారు. పరుగే కాపాడిందని ఒళ్లు నేర్చుకుంటుంది, మర్నాడు తొమ్మిది పదవుతుంది.

పిల్లల సంగతి వేరు. ఏడేళ్ల లోపు పిల్లలకు కనబడేదే నిజం. ‘అది ఉత్తిదే నాన్నా’ అంటే తలూపుతారు గానీ భయం పోదు. ఆ వయసులో దగ్గరకు తీసుకోవడం, చిన్న లైటు ఉంచడం, పగటి వెలుగులో ఆ మూలకు తీసుకుపోయి ఆడించడం పనికొస్తాయి. ఎనిమిది దాటినవాళ్లకు దయ్యంకంటే దొంగలు, కిడ్నాపులు, ప్రమాదాలు ఎక్కువ భయం. వాళ్లతో కూర్చుని, అలాంటివి ఎంత అరుదో, వస్తే ఏం చేయాలో మాట్లాడాలి. అన్నం తినకపోతే బూచోడికి పట్టిస్తామనే బెదిరింపు ఇంకా మానని ఇళ్లున్నాయి. ఆ బూచోడు భోజనంతో పాటు పోడు, పడకలోకి వస్తాడు.

ఇక తోడుతో, లైటుతో తీరనిది ఒకటుంది. నెల దాటినా నిద్ర పట్టకపోతే, ఉన్నట్టుండి గుండెదడ వస్తుంటే, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సలహా సేవ టెలి మానస్‌కు ఫోను చేయండి, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

కల్పన పెట్టే భయాలు దయ్యాలతోనే ఆగవు. కడప, కర్నూలు అనగానే సుమోలు లేచిపోవడం, బాంబులు పడటం కళ్లముందు మెదిలే బయటివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడికి ఉద్యోగం మారితే ఇంట్లోవాళ్లు బెంగపడతారు. వాళ్లు చూసింది ఊరిని కాదు, ఫ్యాక్షన్ సినిమాల్ని. సులువుగా గుర్తొచ్చేదాన్ని మనసు తరచుగా జరిగేదిగా లెక్కేసుకుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమాన్ 1973లోనే రాశారు. గొడవలు లేవనడం లేదు. వాటిని చూసి ఊరి మొత్తానికీ ఒకే రంగు పూయడం అన్యాయం.

ఇదే లెక్క పాము దగ్గర ప్రాణాల మీదికి తెస్తుంది. సినిమా పాము పగబడుతుంది, పాలు తాగుతుంది, పడగెత్తి మనిషిని చూస్తుంది. నిజం పాముకు పగ తెలియదు, పాలు దాని తిండి కాదు. రాత్రి చెనిక్కాయ చేనికి నీళ్లు కట్టబోయి చీకట్లో కాలు వేసినప్పుడు కరిచే రక్తపింజరకు, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వచ్చే కట్లపాముకు నేపథ్య సంగీతం ఉండదు. కట్లపాము కరిస్తే నొప్పీ వాపూ పెద్దగా ఉండకపోవచ్చు. గంటలు గడిచాక రెప్పలు వాలిపోతాయి, మాట తడబడుతుంది. కాబట్టి చేనికి పోతే టార్చి, మడమలు దాటే బూట్లు. ఇంట్లో అయితే మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర.

కరిచిందా, ఒళ్లు పరిగెత్తమంటుంది. ఆ మాట వినకూడదు. పరిగెత్తితే కండరాలు కదిలి విషం తొందరగా పాకుతుంది. మనిషిని కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి, ఉంగరాలు, కడియాలు, మెట్టెలు తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆసరా పెట్టి, బిగించకుండా గుడ్డతో కట్టండి. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. పామును పట్టి తేవాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఇచ్చే మందు ఒకటే. 108కి ఫోను చేసి, ఆ మందున్న ప్రభుత్వ ఆసుపత్రికి మోసుకుపోండి, నడిపించొద్దు. ఎన్ని గంటలకు కరిచిందో మాత్రం గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి.

నమస్కారం.