అడుగు జాలీ ఎక్కడ దొరుకుతాది? ఆటోక్యాడ్‌లో గుర్తుల సైజు గోల

(స్క్రీన్: టాయిలెట్ డిటైల్ షీట్. గది మధ్యలో నాలుగు ముక్కల గుండ్రటి గుర్తు, ఎదురెదురుగా రెండు ముక్కలు నలుపు)

ఈ గుండ్రటిది చూశారా? గీసేవాళ్ళకి ఇది లెవెల్ మార్క్, అంటే నేల ఎత్తు ఎంతో చెప్పే గుర్తు. మేస్త్రికి మాత్రం నీళ్ళు పోయే జాలీలా కనిపించింది. ఆయన్ని అనడానికి లేదు, షీటు మీద స్కేలు పెట్టి కొలిస్తే దాదాపు అడుగు వస్తోంది మరి. సైటు నుంచి ఫోన్ చేసి "ఏటి బాబూ, అడుగు జాలీ ఎక్కడ దొరుకుతాది? గంటస్తంభం కాడ షాపులన్నీ అడిగేసినాను" అన్నాడు. అసలే సిరిమాను పండగ వారం, విజయనగరంలో బండి కదలని రోజులు, అందులో ఆయన లేని జాలీ కోసం తిరిగాడు. తప్పు నాదే.

తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం.

(స్క్రీన్: మోడల్ స్పేస్, ఇంటి ప్లాన్)

స్థలం ముప్పై బై నలభై ఐదు, అంటే 150 గజాలు. ప్లాన్ 1:50లో, సైట్ ప్లాన్ 1:200లో, టాయిలెట్ డిటైల్ 1:20లో, మూడూ ఒకే షీటు మీద, మూడూ ఒకే మోడల్ (నిజమైన కొలతల్లో గీసిన బొమ్మ) నుంచి. లెవెల్ మార్క్ కాగితం మీద 6 మిల్లీమీటర్లు ఉండాలనుకున్నాను, ప్లాన్ 1:50 కాబట్టి ఆరు యాభైలు 300 అని మోడల్‌లో 300 మిల్లీమీటర్ల వృత్తం గీసేశాను. ప్లాన్‌లో బాగానే వచ్చింది. అదే వృత్తం 1:200లో ఒకటిన్నర మిల్లీమీటరు అయిపోయింది, చీమ తలకాయంత. 1:20లో 15 మిల్లీమీటర్లై కూర్చుంది. అదే జాలీ.

అందుకే ఏ గుర్తు పెట్టే ముందైనా నేను ఒక్కటే అడుక్కుంటాను: ఇది నేల మీద ఉండే వస్తువా, కాగితం మీద మాత్రమే ఉండే గుర్తా? తలుపు, కమోడ్, వాష్ బేసిన్ నేల మీదవి, వాటికి నిజమైన కొలత ఉంది, స్కేలు మారితే అవి కాగితం మీద పెరగాలి, తగ్గాలి. లెవెల్ మార్క్, సెక్షన్ మార్క్, గ్రిడ్ బబుల్, ఉత్తరం గుర్తు, ఇవి సైటుకి వెళ్ళి వెతికినా దొరకవు. వీటి సైజు కాగితం మీద మారకూడదు. అలాంటి వాటి కోసమే ఆటోక్యాడ్ 2008లో అనోటేటివ్ అనే గుణం వచ్చింది. అంతకు ముందు స్కేలుకో లేయరు పెట్టి, అదే గుర్తుని మూడు సైజుల్లో మూడుసార్లు పెట్టి, అక్కర్లేనివి ఒక్కో వ్యూపోర్ట్‌లో (షీటు మీద మోడల్‌ని ఒక స్కేల్లో చూపే కిటికీలో) ఫ్రీజ్ చేసి దాచుకునేవాళ్ళు. ఇప్పటికీ అలాగే చేసేవాళ్ళున్నారు, పని జరుగుతుంది, కానీ లెవెల్ మారితే మూడు చోట్లా దిద్దాలి, ఒకచోట మర్చిపోతాం.

(స్క్రీన్: బ్లాక్ డైలాగ్ బాక్స్, అనోటేటివ్ టిక్ పెడుతూ)

ఇప్పుడు గుర్తు మళ్ళీ గీద్దాం. ఈసారి యాభైతో గుణించొద్దు. వృత్తం 6 అంటే 6, పక్కన లెవెల్ అంకెకి ఆట్రిబ్యూట్ (గుర్తు పెట్టిన ప్రతిచోటా మార్చుకోగల అక్షరాలు) ఎత్తు 2.5 అంటే 2.5. గీసినదంతా ఒకే గుర్తుగా కట్టే బ్లాక్ కమాండ్ ఇచ్చి అనోటేటివ్ టిక్ పెట్టండి, యూనిట్ దగ్గర యూనిట్‌లెస్ ఉంచండి, మిల్లీమీటర్లు అనో అంగుళాలు అనో ఉంటే ఇన్సర్ట్ చేసేటప్పుడు ఇంకో గుణకారం దూరొచ్చు. తర్వాత కింద కుడివైపు స్టేటస్ బార్‌లో అనోటేషన్ స్కేల్ 1:50 పెట్టి ఇన్సర్ట్ చేయండి. మోడల్‌లో కొలిస్తే 300 వస్తుంది, ఆ గుణకారం సాఫ్ట్‌వేర్ చేసింది. ఇదంతా మిల్లీమీటర్లలో గీసేవాళ్ళ లెక్క. మీటర్లలో గీస్తే స్కేల్ లిస్టులో మీరే ఒక స్కేలు చేర్చుకోవాలి, 1:50కి ఒక పేపర్ యూనిట్‌కి 0.05 డ్రాయింగ్ యూనిట్.

ఇక్కడితో అయిపోయిందనుకుని షీటు తెరిస్తే, ఆ స్కేలు లేని గుర్తుల్ని కూడా చూపే అనోటేషన్ విజిబిలిటీ బటన్ ఆఫ్‌లో ఉంటే, 1:20 వ్యూపోర్ట్‌లో గుర్తే ఉండదు. టెన్షన్ పడకండి. గుర్తుకి 1:50 ఒక్కటే తెలుసు, 1:20 గురించి దానికి ఎవరూ చెప్పలేదు.

(స్క్రీన్: ఆబ్జెక్ట్‌స్కేల్ కమాండ్, లిస్టులో 1:20 చేరుస్తూ)

ఆబ్జెక్ట్‌స్కేల్ కమాండ్ ఇచ్చి గుర్తుని ఎంచుకుని 1:20 చేర్చండి. ఇప్పుడు కర్సర్ దాని మీద పెడితే చిన్న స్కేలు బొమ్మ ఒకటి కాదు, రెండు కనిపిస్తాయి, అంటే ఒకటి కంటే ఎక్కువ స్కేళ్ళు ఉన్నాయని. 1:200 నేను కావాలనే చేర్చలేదు. సైట్ ప్లాన్‌లో టాయిలెట్ లెవెల్ ఎవరికి కావాలి? స్కేలు చేర్చకపోతే అక్కడ కనపడదు, లేయర్ ఫ్రీజ్ చేసే పనే లేదు. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఒక జాగ్రత్త. స్కేలు మార్చిన ప్రతిసారీ దాన్ని గుర్తులన్నిటికీ తనంతట తానే చేర్చే ఆటో బటన్ ఒకటి స్టేటస్ బార్‌లో ఉంటుంది, కమాండ్ లైన్‌లో దాని పేరు అనోఆటోస్కేల్. సుఖంగానే ఉంటుంది. కానీ మీరు ఊరికే 1:500 పెట్టి చూసినా అది కూడా గుర్తుల్లో చేరిపోతుంది, నెల తిరిగేసరికి ఒక్కో గుర్తుకి పది స్కేళ్ళు. నేనది ఆఫ్‌లోనే ఉంచుతాను.

(స్క్రీన్: గుర్తుని గ్రిప్ పట్టి జరుపుతూ, వెనక లేతగా ఇంకో గుర్తు)

ఇంకొకటి, ఇది చాలామందికి తెలీదు. ఒక్కో స్కేలుకి గుర్తు ఒక్కో చోట ఉండొచ్చు. 1:20లో పైపు గీత మీద పడుతోందా, ఆ స్కేల్లో ఉండి గ్రిప్ (గుర్తుని ఎంచుకుంటే వచ్చే చిన్న నీలం గడి) పట్టి పక్కకి జరపండి, 1:50లోది ఉన్నచోటే ఉంటుంది. జరిపి జరిపి గందరగోళం అయిపోతే అనోరీసెట్, అన్ని స్కేళ్ళలోనూ ఇప్పుడున్న స్కేలు చోటికి వచ్చేస్తుంది.

వ్యూపోర్ట్ స్కేలు పెట్టాక లాక్ చేయండి. లేకపోతే లోపలికి వెళ్ళి మౌస్ చక్రం ఒక్కసారి తిప్పారంటే వ్యూపోర్ట్ స్కేలు 1:18.7 లాంటిదేదో అయిపోతుంది, గుర్తులు మాత్రం 1:20 అనే అనుకుంటూ ఉంటాయి.

పాత ఫైళ్ళలో ఉన్న బ్లాక్‌ని ఎడిటర్‌లో తెరిచి అనోటేటివ్ చేయొచ్చు, కానీ అప్పటికే పెట్టేసిన వాటి సైజుని నమ్మొద్దు. నేనైతే చెరిపేసి మళ్ళీ పెడతాను.

ఫ్యాన్ సంగతి అడుగుతారు, తెలుసు. ఎలక్ట్రికల్ లేఅవుట్‌లో పాయింట్ ఎక్కడో చూపడానికైతే అనోటేటివ్. 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్ రెక్కలు లాఫ్ట్‌కి తగులుతాయా లేదా చూడటానికైతే నిజమైన సైజు. స్విచ్ బోర్డు గుర్తు ఎప్పుడూ అనోటేటివే.

(స్క్రీన్: కొత్త ప్రింట్ మీద స్కేలు పెట్టి కొలుస్తున్న చెయ్యి. ప్లాన్‌లో 6, డిటైల్‌లో 6)

ఈ షీటు మేస్త్రికి ఇచ్చాను. చాలాసేపు చూసి, "జాలీ చిన్నదైపోయిందేటి బాబూ?" అన్నాడు. గుర్తు పక్కన "ఫ్లోర్ లెవెల్" అని తెలుగులో రాసి మళ్ళీ ప్రింట్ తీశాను.