మన ఇంటి ట్యాంకు, ఊరి మోరీ, కార్పొరేషన్ రూల్స్: హన్మకొండ కాలనీ మీటింగ్‌ల మాట్లాడింది

అందరికి నమస్తే. కమిటీ వాళ్లు డ్రైనేజీ రూల్స్ మీద మాట్లాడమన్నరు, ఆ మాట వినంగనే సగం మంది చాయ్ దిక్కు చూస్తున్నరు, కూసోండ్రి, ఎక్కువ టైం తీసుకోను.

మీటింగ్ పెట్టినప్పుడల్లా మనం అడిగేది ఒక్కటే, అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఎప్పుడొస్తది అని. అడగాలె, వద్దంటలేను. కానీ వరంగల్, హన్మకొండ, కాజీపేటల చాలా ఇండ్లకు ఆ లైన్ లేదు కదా, మరి లెట్రిన్ల నుంచి పోయేదంతా ఎటు పోతున్నట్టు? గేటు కాడ కారు పెట్టుకునే జాగ కింద సెప్టిక్ ట్యాంకు ఉంటది, అండ్లకు. అంటే ఈ ఊరి మురుగు వ్యవస్థల పెద్ద భాగం మన కాంపౌండ్ల లోపల్నే ఉన్నది, దాని ఓనర్లం మనమే, రూల్స్ కూడా ఆడికెల్లే మొదలైతయి.

మన వరంగల్ కార్పొరేషన్ 2014లనే సెప్టిక్ ట్యాంకుల మలం ఎట్ల తీయాలె, ఎవరు తీయాలె, ఏడ పొయ్యాలె అని రూల్స్ తెచ్చింది. దేశంల ఈ పని ముందుగాల చేసిన నగరాలల్ల మనది ఒకటి, కేంద్రం జాతీయ పాలసీ తెచ్చిందే 2017ల. ఈ సంగతి మనూళ్లె ఎంతమందికి తెలుసు? బయటి రాష్ట్రాల ఆఫీసర్లు వచ్చి చూసిపోతరు, మనకేమో తెల్వదు.

ఇగ అసలు గడబిడ ఏడుందంటే ట్యాంకు కట్టుడుల ఉన్నది. పద్ధతి ప్రకారం సెప్టిక్ ట్యాంకుకు రెండు గదులు ఉండాలె, నడుమ గోడ ఉండాలె, బరువుది కిందికి దిగి తేలికది పైన తెట్టు కట్టి నడుమల నీళ్లు మాత్రమే బయటికి పోవాలె, ఆ నీళ్లు కూడా ఇంకుడు గుంతలకు పోవాలె, ఆ గుంత బావికి బోరుకు దూరంగ ఉండాలె. మనం చేసేదేంది? నాలుగు సిమెంట్ రింగులు దించి దానికే సెప్టిక్ ట్యాంక్ అని పేరు పెడ్తం, లేకుంటే మంచిగనే కట్టి చివరికి ఒక పైపు తీసుకపోయి ఇంటి ముందటి మోరీకి కలుపుతం, మేస్త్రీ కూడా గట్లనే అందరు చేస్తరు సార్ అంటడు, మనం సరే అంటం. ట్యాంకు నుంచి బయటికొచ్చిన నీళ్లు చూడనీకె తేటగనే ఉండొచ్చు గని రోగాల క్రిములు అండ్లనే ఉంటయి, ట్యాంకు చేసేది సగం శుద్ధే. ఆ మోరీ పోయి నాలల కలుస్తది, నాలా పోయి చెరువుల కలుస్తది. 2024 చివర్ల పూడిక తీయనీకె భద్రకాళి చెరువు ఖాళీ చేసినప్పుడు అందరం కట్ట మీదికి పోయి ఫొటోలు దిగినం, మన పైపు ఏడ తేలుతదో ఎవరం అడగలే.

వాన నీళ్ల సంగతి చిన్నది, చెప్పి ముందుకు పోతా. డాబా మీది నీళ్లు ట్యాంకుకు కలపొద్దు, రేపు అండర్‌గ్రౌండ్ లైన్ వచ్చినా దానికీ కలపొద్దు, ఆ పైపులు వాన కోసం లెక్క కట్టి వేసినవి కావు, కలిపితే మ్యాన్‌హోళ్లు పొంగి పల్లంల ఉన్నోళ్ల బాత్రూంలకు వెనక్కి తంతయి. 2020 ఆగస్టుల, మళ్ల 2023 జూలైల నీళ్లు ఎట్ల వచ్చినయో చూసినం కదా, ఉత్త వాన నీళ్లయితే ఎత్తిపోసుకుంటం, అండ్ల ఈ మురుగు కలిస్తే ఏంది పరిస్థితి?

ట్యాంకు రెండు మూడేండ్లకోసారి ఖాళీ చేపియ్యాలె. నిండి పొంగినంక పిలుస్తం మనం, అప్పటికి అడుగున గట్టిపడి ఉంటది, పైనున్న నీళ్లే గుంజుకపోతరు, పైసలు అవే తీసుకుంటరు. కార్పొరేషన్ లైసెన్స్ ఉన్న బండినే పిలవాలె, పోయేముందు రసీదు అడగాలె, ఏడ పోస్తవ్ తమ్మీ అని కూడా అడగాలె. అమ్మవారిపేట కాడ శుద్ధి కేంద్రం ఉన్నది, మొదట రోజుకు 10 వేల లీటర్ల కెపాసిటీతోని పెట్టిండ్రు, బండి ఆడికి పోవాలె. వంద రూపాయలు తక్కువని ఎవరినో పిలిస్తే రాత్రిపూట ఏ నాలలనో ఏ చెలకలనో పోసి పోతడు, అప్పుడు ట్యాంకు కట్టీ ఫాయిదా లేదు.

ఇగ చివరిది, దీని మీద నేను కొంచెం గట్టిగనే మాట్లాడ్త. రక్షణ సామాను, జాగ్రత్తలు లేకుండ ట్యాంకులకు మనిషిని దించుడు నేరం. మనుషులతోని మలం ఎత్తిపిచ్చుడు ఆపనీకె తెచ్చిన 2013 చట్టం ప్రకారం మొదటిసారికే రెండేండ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేకుంటే రెండూ. పనిచేసేటోని మీద కాదు, పని పెట్టినోని మీద కేసయితది, అంటే ఇంటి ఓనర్ మీద కూడా. సుప్రీంకోర్టు 2014ల చనిపోయినోళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇయ్యాలె అన్నది, 2023ల దాన్ని 30 లక్షలు చేసింది. వాసన వస్తలేదు ఏం కాదు దిగు అంటరు కొందరు. ట్యాంకుల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ ఎక్కువైతే ముందుగాల ముక్కునే మొద్దుబారుస్తది, వాసన లేదంటే గ్యాస్ లేదని కాదు, ఇంకా ఎక్కువున్నదని కూడా కావొచ్చు. ఒకడు పడిపోతే కాపాడుదామని ఇంకొకడు దిగుతడు, ఆయన కూడా పోతడు, పేపర్ల ఎప్పుడు చూసినా ఇద్దరో ముగ్గురో అని ఉండేది అందుకే. జామ్ అయితే మిషన్ ఉన్న బండి పిలవండ్రి, దీనికోసమే ఉన్న హెల్ప్‌లైన్ 14420కి ఫోన్ చేయండ్రి, మీ పక్కింట్ల ఎవరన్న దింపుతుంటే ఆపండ్రి, మొహమాటపడకుండ్రి.

ఇగ మీరు అడగండ్రి. రింగులు వేసినోళ్లు దాన్ని ఎట్ల మార్చుకోవాలె, ఖర్చెంత అన్నది ముందుగాల మాట్లాడుదాం, అదే అందరికి పని వచ్చేది.